సోలార్ ప్యానెల్: సర్టిఫికెట్ చెప్పేది, చెప్పనిది

అందరికీ నమస్కారం.

మిద్దె మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు బాగా పెరిగారు. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది. సంతోషం. కానీ మనలో ఎక్కువమంది వెండర్‌ని అడిగేది ఒక్కటే: "సబ్సిడీ పోను మా చేతి నుంచి ఎంత పడుతుంది?" ప్యానెల్ సంగతి అడిగితే "సర్టిఫికెట్ ఉందండీ, పాతికేళ్ల వారంటీ అండీ" అంటారు. ఆ మాటతో మనమూ ఊరుకుంటాం.

ఆ సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఐఈసీ 61215 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేస్తారు. అందులో ప్యానెల్‌ని మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు 200 సార్లు చల్లబరిచి, వేడి చేస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచుతారు. మంచి పరీక్షే. అయితే వెయ్యి గంటలంటే ఆరు వారాలు. తయారీలోనే ఉన్న లోపాలు చాలావరకు బయటపడతాయి గానీ, అనంతపురం ఎండలో ఇరవయ్యో ఏడు ఎలా ఉంటుందో తెలియదు. పైగా పరీక్షకు వెళ్లేవి కొన్ని నమూనాలు మాత్రమే.

2010 తర్వాత కొన్నేళ్లు పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బ్యాక్‌షీట్ (వెనక పొర) ఉన్న ప్యానెళ్లు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. అవన్నీ పరీక్ష పాసైనవే. కొన్నేళ్లకే వెనక పొర నిలువునా పగిలింది. పగుళ్లలోంచి తేమ దిగితే కరెంటు లీకవుతుంది, వాన కురిసిన ఉదయం ఇన్వర్టర్ ఆన్ కాదు. ల్యాబ్‌లో వేడి-తేమ పరీక్ష వేరుగా, అతినీలలోహిత కిరణాల పరీక్ష వేరుగా చేశారు. బయట అన్నీ కలిసి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

మన దేశంలో ఐఐటీ బాంబే, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి పలుచోట్ల ప్యానెళ్లను కొలిచాయి. వేడి ప్రాంతాల్లో ప్యానెళ్లు త్వరగా నీరసిస్తున్నాయని, పెద్ద ప్లాంట్ల కన్నా ఇళ్లమీది చిన్న సిస్టమ్‌ల పరిస్థితి అధ్వానమని తేలింది. నన్ను బాధపెట్టేది ఈ రెండో విషయం. పెద్ద కంపెనీకి సరుకు చూసుకునే ఇంజనీర్లుంటారు, మనకెవరున్నారు?

ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే పలుచని బిళ్లే సెల్. దాని మందం మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. మెట్లమీద నెత్తిన పెట్టి మోసినా, బిగించేటప్పుడు పైన మోకాలు ఆనించినా లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. కంటికి కనిపించవు, మొదట్లో కరెంటూ తగ్గదు. రోజూ వేడెక్కి చల్లారుతుంటే అవే పెరిగి, ఒకచోట మాడి మచ్చ పడుతుంది.

మధ్యాహ్నం 540 వాట్ల ప్యానెల్ 460 ఇస్తోందని మాత్రం టెన్షన్ పడకండి. ఆ 540 సెల్ 25 డిగ్రీలున్నప్పటి లెక్క. మన ఎండకు 65 దాటుతుంది, డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. అది లోపం కాదు.

పాతికేళ్ల వారంటీ కరెంటు ఉత్పత్తికి. తగ్గిందని రుజువు చేయాల్సింది మనమే, కరెంటు బిల్లు దానికి చాలదు. నా లెక్కలో చూడాల్సింది వస్తువు వారంటీ, అంటే ప్యానెల్ తయారీ లోపాలకు ఇచ్చే హామీ. మామూలుగా అది పది, పన్నెండేళ్లే. అందుకే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు, దాని ఫ్యాక్టరీ ఫ్లాష్ టెస్ట్ రిపోర్టు (అది ఎన్ని వాట్లు ఇస్తుందో ఫ్యాక్టరీలో కొలిచిన కాగితం) అడిగి తీసుకోండి. మొదటి ఏడాది ఏ నెల ఎన్ని యూనిట్లు వచ్చాయో రాసిపెట్టుకోండి. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు పేరుకోకుండా వెంటనే తుడవండి.

ఇక్కడున్న వెండర్లకు ఒక విన్నపం. ఆ రిపోర్టు అడగకముందే బిల్లుతో కలిపి ఇవ్వండి. బిగించే కుర్రాళ్లకు ప్యానెల్ మీద కాలు పెట్టకూడదని ఈ వారమే చెప్పండి.