పట్టా కూడా అనుభవాన్నే అడుగుతుంది

సభకు నమస్కారం.

చెన్నైలో ఉద్యోగం చేసే మన తెలుగు ఇంజనీర్లు ఒకచోట కూర్చుంటే, ఇంటి అద్దెల గురించి బాధపడటం అయ్యాక వచ్చే మాట ఇది: ప్రాజెక్టులు నడిపేవారికిచ్చే పీఎంపీ పట్టా కోసం పరీక్ష రాయాలా, లేక ఆ డబ్బూ సమయమూ పని నేర్చుకోవడానికే పెట్టాలా? పాత మహాబలిపురం రోడ్డులోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒకలా, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల్లో మరొకలా అడుగుతారు గానీ ప్రశ్న ఒకటే.

ఈ ప్రశ్న వేసే తీరులోనే తికమక ఉందని నా అభిప్రాయం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారి పీఎంపీకి కూర్చోవాలంటే డిగ్రీ ఉన్నవారు కనీసం 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. డిప్లొమాతో ఆగినవారైతే 60 నెలలు. ఆపైన 35 గంటల శిక్షణ. ఏ ప్రాజెక్టులో ఏం చేశారో దరఖాస్తులో రాయాలి. కొందరిని ఆధారాలు కూడా అడుగుతారు. అనుభవానికి పోటీగా మనం నిలబెడుతున్న పట్టా, ముందు అనుభవం చూపించమంటోందన్నమాట. అదే సంస్థ కొత్తవారికిచ్చే సీఏపీఎం పట్టాకు అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు. బ్రిటన్ నుంచి వచ్చిన ప్రాజెక్టు పద్ధతి ప్రిన్స్2 పట్టాలో తొలి మెట్టుకూ అనుభవం అడగరు. రెండు రోజుల తరగతితో చేతికొచ్చే, సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఎక్కువగా వినపడే స్క్రమ్ మాస్టర్ పట్టా సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లే సగం వాదనలు పుడుతున్నాయి.

అనుభవమే చాలనేవారు తప్పక ఎత్తే పేరు రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్. మన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలో చదివినవారు. 1964 డిసెంబరు తుపానుకు పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే, రైల్వే ఆరు నెలలు గడువు అనుకున్న పనిని 46 రోజుల్లో ముగించారు. అప్పటికి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూటే లేదు. అది 1969లో పుట్టింది, పీఎంపీ పరీక్ష 1984లో మొదలైంది. నిజమే. కానీ ఈ కథ చెప్పేవారు ఒకటి దాటేస్తారు. అప్పటికి ఆయన రైల్వేలో చేరి పదేళ్లు. రైల్వే అంటే నియమావళి, తనిఖీ, పైఅధికారి సంతకం, లెక్కల పుస్తకం. అంత కట్టుదిట్టమైన చోట గడిచిన పదేళ్లూ, గడువు దాటితే ‘క్లయింటు ఆలస్యం చేశాడు’ అని రాసి ఫైలు మూసేసే కంపెనీలో గడిచిన పదేళ్లూ ఒకటి కావు. రెండో రకం పదేళ్లలో ఒకే ఏడాది పదిసార్లు తిరిగి వస్తుంది, అంతే.

అలాగని ఈ పరీక్షలకు చదివే పుస్తకాల్లోని పద్ధతులూ గాలిలోంచి ఊడిపడలేదు. ఏ పనులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో చూపే క్రిటికల్ పాత్ పద్ధతిని 1950ల చివర డ్యూపాంట్ కంపెనీ తన రసాయన కర్మాగారాల పనులకు కాలక్రమం తేల్చుకోవడానికి తయారుచేయించుకుంది. ఇంచుమించు అదే సమయంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం, పనులకు పట్టే కాలాన్ని అంచనా వేసే పెర్ట్ అనే పద్ధతిని రూపొందించింది. పని చేసినవారు తలపట్టుకుని తేల్చుకున్న సంగతులే తర్వాత పాఠాలయ్యాయి.

ఇప్పుడు మనం తాగే నీటి దగ్గరకు వద్దాం. తెలుగుగంగ. చెన్నైకి కృష్ణా నీటిలో తలా 5 టీఎంసీలు ఇస్తామని మూడు రాష్ట్రాలు 1976లో ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం 1983లో కుదిరింది. నీరు పూండి జలాశయానికి మొదటిసారి చేరింది 1996లో. కండలేరు జలాశయం నుంచి తమిళనాడు సరిహద్దు దాకా కాలువే 152 కిలోమీటర్లు. ఇంత తవ్వాక తొలి ఏళ్లలో వచ్చిన నీరు అనుకున్నదాంట్లో కొద్ది భాగమే. గట్లు కోసుకుపోయాయి, నీరు దారిలోనే ఇంకిపోయింది. ఆ తర్వాత 2000ల మొదట్లో సత్యసాయి ట్రస్టు కాలువకు లైనింగు పనులు చేయించాకే ప్రవాహం మెరుగుపడింది. రెండు రాష్ట్రాల్లోనూ అనుభవజ్ఞులైన ఇంజనీర్లకు కొరత లేదు. ఎవరి భాగం వారికి తెలుసు. కాలువ పూర్తయిందా అనే ప్రశ్నకు, కుళాయికి నీరు చేరిందా అనే ప్రశ్నకు మధ్య ఉన్న దూరాన్ని ఎవరో ఒకరు మొదటి రోజు నుంచీ పట్టుకుని కూర్చోవాలి. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారి మార్గదర్శక గ్రంథం పీఎంబాక్ ఏడో కూర్పు 2021లో పద్ధతుల జాబితాలను వెనక్కి నెట్టి, చివరికి చేకూరే ప్రయోజనాన్ని ముందు పెట్టింది. చదువు పనికొచ్చేది ఇక్కడే: మన భాగానికి అవతల ఏముందో అడగడం అలవాటు చేస్తుంది.

అయితే చదువుతో తీరని పనులూ ఉన్నాయి. ఇక్కడ చెన్నైలోనే వేలచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా 5 కిలోమీటర్ల రైలు మార్గంలో అరకిలోమీటరు భూమి చిక్కుల్లో పడి ఏళ్ల తరబడి ఆగిపోవడం మీరంతా చూసిందే. ‘భూమి చేతికి రాకపోవచ్చు’ అని రిస్కుల పట్టికలో రాయడం శిక్షణలో మొదటి వారమే నేర్పుతారు. రాసినంత మాత్రాన ఇళ్లవాళ్లు ఖాళీ చేయరు. 2021లో మార్చిన పీఎంపీ పరీక్షలో 42 శాతం మనుషులతో వ్యవహారం మీదే ప్రశ్నలు. నాలుగు జవాబుల్లో సరైనది గుర్తించడం ఒక విద్య. మేస్త్రీ ‘రేపు అయిపోతుందండీ’ అంటే ఆ రేపు ఏ వారంలో ఉందో కనిపెట్టడం వేరే విద్య.

ఉద్యోగాల సంగతికొస్తే, పట్టా పెళ్లి సంబంధంలో జాతకం లాంటిది. కలవకపోతే పెళ్లిచూపుల దాకా రానివ్వరు. కలిసినంత మాత్రాన కాపురం సజావుగా సాగుతుందనీ లేదు. కొన్ని కాంట్రాక్టుల్లో ప్రాజెక్టు మేనేజరుకు ఫలానా పట్టా ఉండాలని ముందే రాసి ఉంటుంది. అక్కడ మన వాదనలు వినేవారుండరు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి నేను చెప్పేది ఇంతే: మొదటి మూడేళ్లు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ పని ఎప్పటికి అవుతుందన్నారు, ఎప్పటికి అయింది, ఎందుకు. అదే రేపు మీ దరఖాస్తు, అదే మీ ఇంటర్వ్యూ. ‘అనుభవం మేమే రాసిపెడతాం’ అనే శిక్షణ కేంద్రం కనిపిస్తే వెంటనే లేచి వచ్చేయండి.

నాకు విచిత్రంగా తోచేది ఇంకొకటి ఉంది. పట్టాల వెంట ఎక్కువగా పరుగెత్తుతున్నది ఏడాది కూడా పనిచేయని కుర్రాళ్లు. దానివల్ల నిజంగా లాభపడే మనిషి వేరు: డిప్లొమాతో సైటులో చేరి, పదిహేనేళ్లుగా పనులు నడుపుతూ, పేరు పక్కన పెద్ద చదువు లేక ప్రతి పదోన్నతిలో వెనకబడుతున్న సూపర్‌వైజరు. ఆయన దగ్గర 60 నెలలు కావు, అంతకు మూడింతలున్నాయి. లేనిది ఆ అనుభవాన్ని బయటివారికి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టే అలవాటు. ఇంగ్లీషు బెరుకు ఒకటి. అలాంటివారు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. ప్రశ్నల సమయం మీతోనే మొదలుపెడదాం, తెలుగులోనే అడగండి. దరఖాస్తు ఫారం నమూనా తెచ్చాను. మీ ప్రాజెక్టు ఒకటి తీసుకుని ఇక్కడే నింపి చూద్దాం.