అమ్మా అని పిలిచినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మా తిరుపతిలో ఏటా ఎండాకాలంలో గంగమ్మ జాతర వస్తుంది. చాటింపు పడిన రోజు నుంచి ఊరు మరో ఊరైపోతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకో వేషం. దుర్మార్గుడైన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు రోజుకో రూపం కట్టిందని కథ. ఆ రోజుల్లో తాతయ్యగుంట గుడి దారిలో మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఆటో నడిపే ఒకాయన ఏటా ఆడవేషం కట్టేవాడు. మామూలు రోజుల్లో "ఏమప్పా, బస్టాండుకు వస్తావా" అని అడిగేవాళ్ళే ఆ రోజు ఆయన్ని "అమ్మా" అని పిలిచేవారు. చంటిబిడ్డల్ని ఎత్తుకొచ్చి దీవించమనేవారు. ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు ఆయన సిగ్గుపడుతూ కుచ్చిళ్ళు సర్దుకునేవాడు. నాలుగిళ్ళు దాటేసరికి తల ఎత్తి నడిచేవాడు. చీర ఆయన కట్టుకున్నదే, ఆ నడక మాత్రం వీధి ఇచ్చింది.

ఎదుటి మనుషులే మనకు అద్దమని అమెరికా సమాజ శాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1902లో రాశాడు. వాళ్ళకు మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం. చూసి ఏమనుకుంటున్నారో అదీ ఊహించుకుంటాం. ఆ ఊహను బట్టి పొంగిపోతాం, లేదా కుంగిపోతాం. ఇందులో నన్ను పట్టుకున్న మాట 'ఊహ'. వాళ్ళు నిజంగా ఏమనుకున్నారో మనకు తెలిసేది తక్కువ. అయినా ఆ ఊహతోనే ఏళ్ళకేళ్ళు బతికేస్తాం.

నేను బతికాను. ఇంటర్ చదవడానికి దూరపు ఊరి హాస్టల్‌కు వెళ్ళాను. మొదటి వారంలో ఒక లెక్చరర్ ఏదో అడిగితే "యాడికీ పోలేదు సార్, ఈడనే ఉండాను" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నాతో ఆ మాట మళ్ళీ చెప్పించారు. ఆ తర్వాత నోరు తెరవాలంటేనే టెన్షన్. ప్రతి వాక్యం లోపల ఒకసారి దిద్దుకుని గానీ బయటికి వదిలేవాణ్ణి కాదు. మాట తగ్గింది. నేను నెమ్మదస్తుణ్ణని అందరూ అనుకున్నారు, కొన్నాళ్ళకు నేనూ అదే నమ్మాను. సంక్రాంతికి ఇంటికొచ్చి "ఎక్కడికి వెళ్ళావు అవ్వా" అని అడిగితే, అవ్వ నన్ను ఎగాదిగా చూసి "ఎవురింటి బిడ్డవు నాయనా నువ్వు?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడింది.

పిల్లలు అమ్మ ఆట, అంగడి ఆట ఆడుతూ ఇతరుల కళ్ళతో తమను తాము చూసుకోవడం నేర్చుకుంటారని జార్జ్ హెర్బర్ట్ మీడ్ అనే మరో అమెరికా పండితుడు చెప్పాడు. పోయిన ఏడాది మా అన్న మనవరాలు బడి ఆట ఆడుతోంది. తనే టీచర్, గోడకానించిన బొమ్మ స్టూడెంట్. వేలు చూపించి "నువ్వు మొద్దువి, నీకేమీ రాదు" అని గదమాయిస్తోంది.

"ఆ బొమ్మ పేరేంటి తల్లీ?" అని అడిగాను.

తన పేరే చెప్పింది.

ఆ సాయంత్రం మళ్ళీ బడి ఆట ఆడాం. ఈసారి టీచర్ నేను. బొమ్మ తరఫున పాప రెండో ఎక్కం చెప్పింది. ఏడు దగ్గర తడబడి నా మొహంలోకి చూసింది.

"బాగా చెప్తా ఉండావు, చెప్పమ్మా" అన్నాను.