మా అక్క పెళ్లి డీవీడీలో కోసేసిన సీన్లు మళ్లీ కలిపాను, ఎలా వచ్చిందో చూడండి

నమస్కారమండి. ఈసారి రివ్యూ కొత్త ఫోన్‌ది కాదు, 2005 మే నెలలో సఖినేటిపల్లి దగ్గర మా ఊళ్లో జరిగిన మా అక్క పెళ్లి డీవీడీది. ఇదిగో, కవర్ మీద గులాబీ పువ్వు మధ్యలో అక్కాబావల ఫోటో. రెండు గంటల పది నిమిషాల డిస్క్. పండక్కి చుట్టాలొస్తే ఇప్పటికీ ఇదే వేస్తాం, వేసిన ప్రతిసారీ మా అమ్మది ఒకటే మాట, "ఇందులో మీ తాతయ్య ఎక్కడా కనపడడేంట్రా" అని.

తాతయ్య పెళ్లిలో లేకపోవడమేంటండీ, ఉన్నాడు. కాకపోతే మండపంలో కాదు, పెరట్లో గాడిపొయ్యి దగ్గర. ఆ సీన్లన్నీ ఎడిటింగ్‌లో లేపేశారు. ఇన్నాళ్లూ నేను వీడియో తీసినాయన్నే తిట్టుకున్నాను. మొన్న వెతుక్కుంటూ వెళ్తే ఆయన అటక మీంచి బిస్కెట్ల డబ్బా దించి నాలుగు మినీ డీవీ క్యాసెట్లు, అంటే అప్పటి వీడియో కెమెరాల్లో వేసే చిన్న టేపులు, చేతిలో పెట్టారు. మనవాళ్లు అప్పట్లో ఎనిమిది వందలు బాకీ పెట్టారట, అందుకని వాటి మీద ఇంకో పెళ్లి తీయకుండా దాచారట. "తీసేయమన్నది నేను కాదండి, మీ పెదనాన్నగారే పక్కన కూర్చుని తీయించారు" అన్నారు. ఎందుకంటే తాతయ్య చొక్కా లేకుండా, పంచె ఎగ్గట్టి ఉన్నాడు, వియ్యాలవారు చూస్తే నామోషీ అని! బాకీ ఇవ్వబోతే నవ్వేసి టీ ఇప్పించారు.

సరే, పనిలోకి వద్దాం. మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కదా, క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం కెమెరాలో పెట్టకండి, టేపుని చదివే హెడ్ పాడవుతుంది. నా అదృష్టం, నాలుగూ శుభ్రంగానే ఉన్నాయి. ఆ కెమెరాని కలపడానికి పనికొచ్చే ఫైర్‌వైర్ పోర్టున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. గంట టేపు ఎక్కాలంటే గంటా పడుతుంది, తొందరపెట్టడానికి లేదు, గంటకి సుమారు 13 జీబీ.

డిస్క్ వైపు పని ఇంకా తేలిక. పెళ్లి డిస్కులకి లాక్ ఉండదు, డిస్క్‌లో వీడియో ఉండే వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసేయడమే. కోయడానికి లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను, ఉచితం, బొమ్మని మళ్లీ నలిపేయకుండా ఉన్నదున్నట్టు కోస్తుంది. కానీ ఒక తిరకాసుంది. డీవీడీలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, మన దేశంలో వాడే పాల్ పద్ధతి డిస్కుల్లో పదిహేను ఫ్రేముల్లోపు ఒక పూర్తి బొమ్మ, మిగతావి దాన్ని ఆనుకుని ఉంటాయి. కోత ఆ పూర్తి బొమ్మ దగ్గరే శుభ్రంగా పడుతుంది, అంటే అర సెకను అటూ ఇటూ అవుతుంది. అర సెకనే కదా అనుకుంటారేమో, జీలకర్ర బెల్లం దగ్గర నాకు గట్టిమేళం మొదటి దెబ్బ ఎగిరిపోయింది, చెవికి ఎంత వెలితిగా ఉందో! ఒక పూర్తి బొమ్మ వెనక్కి జరిపితే గానీ సర్దుకోలేదు.

అసలు టెన్షన్ పెట్టింది ఫీల్డ్ ఆర్డర్. ఇలాంటి వీడియోలో ఒక్కో ఫ్రేమూ అడ్డగీతలుగా చీలి, గీత విడిచి గీత రెండు విడతల్లో వస్తుంది, ఏ విడత ముందన్నదే ఈ ఆర్డర్. డీవీ టేపులో కింది గీతలు ముందొస్తాయి, మా డిస్క్‌లో పై గీతలు ముందు. అది చూసుకోకుండా కలిపేశాను. నరసాపురం వెళ్లే పంటు మీద నిలబడ్డ మా బావ చలిజ్వరం వచ్చినట్టు ముందుకీ వెనక్కీ వణికిపోతున్నాడు. సెట్టింగ్ మార్చాక నిలకడగా వశిష్ఠ గోదావరి దాటాడు. సౌండ్ కూడా చూసుకోండి, దాని శాంపిల్ రేటు టేపులో 32 కిలోహెర్ట్జ్ ఉంది, డీవీడీకి 48 కావాలి.

ఇక కలిపిన సీన్లు, మొత్తం నలభై ఒక్క నిమిషాలు. ఇది చూడండి, తాతయ్య గరిటెతో గుమ్మడికాయ దప్పళం అరచేతిలో వేసుకుని, ఊది, నాకి, వంటాయన వైపు తిరిగి "బెల్లం ఇంత దట్టించావేంటయ్యా, ఇది పులుసా పాయసమా" అంటాడు. తర్వాత కెమెరా చూసి చిరాకుపడతాడు. "నన్నెందుకు తీస్తావ్, పెళ్లికూతురు అటుంది, అటెళ్లు." ఆయన గొంతు మా ఇంట్లో ఉన్నది ఈ రెండు ముక్కల్లోనే.

అప్పగింతల దగ్గర డిస్క్‌లో సినిమా పాట వేశారు. పాటా మాటా ఒకే ట్రాక్‌లో కలిసిపోతే విడదీసినా సరిగ్గా రాదు, అందుకని ఆ ఆరు నిమిషాలూ టేపులోంచే పెట్టాను. ఏడుపుల మధ్య నాన్న బావ చెయ్యి పట్టుకుని "కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ఇంకో వారంలో కోతకొస్తుందండీ, పండగ దాకా ఆగకండి, వచ్చేయండి" అంటున్నారు. పాట కింద ఈ మాట ఉందని మాకెవరికీ తెలీదు.

రిజల్ట్ ఎలా ఉందంటే, కలిపిన ముక్కలు డిస్క్ కంటే నిగనిగలాడుతున్నాయి, అతుకు తెలిసిపోతోంది. కావాలనే రంగు తగ్గించలేదు. 4.7 జీబీ డిస్క్‌లో 171 నిమిషాలు కుక్కితే బొమ్మ గళ్లుగళ్లుగా వచ్చింది కాబట్టి డీవీడీ స్టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు డిస్కులుగా చేశాను. టీవీకి పెన్‌డ్రైవ్ చాలు అనుకుంటే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ పెట్టి, అంటే ఆ విడివిడి గీతల్ని ఒకే బొమ్మగా చేసి, ఫైల్ చేసుకోండి.

దొరికిందల్లా పెట్టలేదు. బంతిలో తింటున్నవాళ్ల నోళ్ల దగ్గరికి కెమెరా పెట్టి తీసిన ఇరవై నిమిషాలు ఎవరికండీ! కరెంటు పోయిన ముక్క కూడా వద్దనుకున్నాను. నాలుగో క్యాసెట్ చివర ఆడపడుచు లాంఛనాల దగ్గర పెదనాన్నకీ వియ్యాలవారికీ జరిగిన గొడవ కూడా ఉంది, ఆ కోత మాత్రం పెదనాన్న సరిగ్గానే కోయించారు. బావ నిన్న ఫోన్ చేసి "అది నాకు విడిగా పంపవోయ్" అన్నాడు. టేపు అరిగిపోయింది బావా అని చెప్పాను. ఈ వీడియో ఆయన చూడకపోతే బాగుండు.