రోములో ముందు పాంథియన్‌కే పోండి | కడప నుంచి వెళ్లేవాళ్ల కోసం రివ్యూ

అందరికీ నమస్కారం. నేను ఉండేది రోములో. ఇప్పుడు సెలవులకు కడపకు వచ్చినాను. బంధువులు ఎవరు కలిసినా అడిగేది ఒకటే, "మేమొస్తే కొలోసియం చూపిస్తావా?" అని. తప్పకుండా చూపిస్తా. కానీ ముందు పాంథియన్‌కు తీసుకుపోతా. అది పాతకాలపు రోమన్లు కట్టిన గుమ్మటం గుడి.

ఒంటిమిట్ట కోదండరాముడి గుడి ఒకసారి గుర్తు చేసుకోండి. రంగమండపంలో 32 స్తంభాలు. పైన రాతి కప్పు నిలవాలంటే అన్ని ఉండాల్సిందే. పాంథియన్ గుమ్మటం వెడల్పు 43 మీటర్ల పైనే, నడిమధ్య ఒక్క స్తంభం లేదు! మా అమ్మ లోపలికి రాగానే వెతికింది దానికోసమే. "మరి దేని మీద నిలబడిందిరా ఇది?" అనింది.

గుమ్మటమంతా కాంక్రీటే, లోపల ఇనుప కడ్డీలు లేవు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయింది. కడ్డీలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఈరోజుకీ ప్రపంచంలో ఇదే పెద్దది. పైకి పోయేకొద్దీ మందం తగ్గించినారు, కాంక్రీటులో తేలికైన అగ్నిపర్వతపు రాయి కలిపినారు. బరువు అట్లా తగ్గింది. ఎంత ఆలోచించి కట్టినారో చూడండి!

గుమ్మటం నెత్తిన పెద్ద గుండ్రటి రంధ్రం ఉంది. అద్దం లేదు, మూత లేదు. వాన నేరుగా లోపల పడుతుంది. అందరూ తలెత్తి ఫోటోలు తీస్తుంటారు, మీరు కొంచెం వంగి నేల కూడా చూడండి. మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, పాలరాతిలో 22 చిన్న చిల్లులు. నీళ్లు వాటిలో దిగిపోతాయి. వానరోజు పోయే అవకాశం దొరికితే వదులుకోవద్దు.

609 నుంచి ఇది చర్చి. ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, మెల్లగా మాట్లాడండి. చిత్రకారుడు రాఫెల్ సమాధి కూడా ఇక్కడే.

2023 జూలై నుంచి టికెట్ పెట్టినారు. నెలలో మొదటి ఆదివారం ఉచితమే, కానీ ఆ జనంలో పెద్దవాళ్లు నిలబడలేరు. మామూలు రోజు పొద్దున తెరవగానే పోండి.

కొలోసియం కూడా గొప్పదే, కాదనను. కానీ ఎండలో క్యూ, ఎత్తు మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే దానికి వేరే రోజు పెట్టుకోండి. నీళ్ల సీసా మాత్రం మరవద్దు. వీధుల్లో ఇనుప కుళాయిలు ఎప్పుడూ పారుతుంటాయి, మంచినీళ్లే. మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.