గడప మీద గడ్డం ఆనించి పడుకునే పగ్: చిన్న కుక్కను ఎంచుకునే ముందు

నమస్కారం. "మాది అపార్ట్‌మెంట్, ఇంట్లో పిల్లలున్నారు, ఏదైనా చిన్న జాతి కుక్క చెప్పండి, స్వభావం మంచిదైతే చాలు" అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ "చాలు" అన్న మాటే నన్ను బాధపెడుతుంది. కొన్ని చిన్న జాతుల విషయంలో మంచి స్వభావమే జబ్బును మన కంటికి కనిపించకుండా కప్పేస్తుంది.

గత ఏప్రిల్‌లో విజయవాడలోని మా పిన్ని ఇంటికి వెళ్లాను. వాళ్ల పగ్ పేరు లడ్డూ, దానికి మూడేళ్లు. మిట్టమధ్యాహ్నం అది వంటింటి గడప మీద గడ్డం ఆనించి, టైల్స్ మీద పొట్ట పరిచి నిద్రపోతోంది. "చూడమ్మా, గడపను తలగడ చేసుకుంది, దాని గురక ఎంత ముద్దుగా ఉందో" అని పిన్ని మురిసిపోయింది. నేను పక్కనే కూర్చుని చాలాసేపు చూశాను. గడ్డం గడప మీంచి జారినప్పుడల్లా గురక ఆగిపోయేది, మరుక్షణం లడ్డూ ఉలిక్కిపడి లేచి గడ్డాన్ని మళ్లీ గడప మీదికి చేర్చుకునేది. తల ఎత్తి ఉంచితే తప్ప గాలి ఆడని కుక్క తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం అది. అయినా సాయంత్రం పిల్లలు బంతి తీయగానే తోక ఊపుకుంటూ పరుగెత్తింది. అంత హుషారుగా ఉన్న కుక్కకు ఊపిరి అందడం లేదంటే ఎవరు నమ్ముతారు?

దీన్ని మట్టికుండతో చెబితే సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే కుండలో నీళ్లు చల్లబడేదీ కుక్క ఒళ్లు చల్లబడేదీ ఒకే సూత్రం మీద. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి, రొప్పేటప్పుడు నాలుక మీదా, ముక్కు లోపల చుట్టలు చుట్టుకుని ఉండే పలుచని ఎముకల మీదా ఉన్న తడి ఆవిరై ఆ పని చేస్తుంది. పగ్ మూతిని తరతరాల పెంపకంలో కురచ చేశారు. ఎముక కురచైంది కానీ లోపలి మెత్తని కండ అంతగా తగ్గలేదు, అందువల్ల అంగిలి వెనుక భాగం గొంతుకు అడ్డంగా వేలాడుతుంది, ముక్కు రంధ్రాలు చాలా పగ్‌లలో సన్నని చీలికల్లా మిగిలిపోతాయి. అంటే ఇది పైన పెయింటు పూసిన కుండ: అలంకారానికి బాగుంటుంది, నీళ్లు మాత్రం చల్లబడవు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున ఆ కుండ లోపల ఒక ప్రాణం ఉందని మనం మరచిపోకూడదు.

2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచాక ఈ జాతి మన దేశమంతటా ఇంటింటికీ తెలిసింది, ఇప్పటికీ చాలామంది దానిని "హచ్ కుక్క" అనే అంటారు. ఆ ప్రకటన చూపింది స్వభావాన్నే, అందులో అబద్ధమేమీ లేదు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఊపిరి ఇబ్బంది స్పష్టంగా ఉన్న కుక్కల యజమానులలో సగానికి మించినవారు తమ కుక్కకు అలాంటి సమస్యే లేదన్నారు. మా పిన్ని కూడా అంతే, ప్రేమ తక్కువై కాదు.

కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు రంగు చూసి ఊరుకోరు, వేలితో తట్టి, ఖంగుమంటేనే తీసుకుంటారు. కుక్కను కూడా అలా తట్టి చూడవచ్చు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన పరీక్షలో కుక్కను 3 నిమిషాలు చురుగ్గా నడిపించి, నడకకు ముందూ తరువాతా దాని గొంతు శబ్దాన్ని స్టెతస్కోప్‌తో వింటారు. పిల్ల వయసులో ఈ లోపం పూర్తిగా బయటపడదు కాబట్టి, మీరు నడిపించి చూడవలసింది దాని తల్లినీ తండ్రినీ. మూతి కురచగా ఉండే మరో చిన్న జాతి షిట్జూకైనా ఇదే వర్తిస్తుంది.

తట్టినప్పుడు ఖంగుమని, నాలుగేళ్ల తరువాత పగిలే కుండ ఒకటుంది. అది కవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. స్వభావంలో దానికి సాటి వచ్చే చిన్న కుక్కను నేను చూడలేదు. కానీ గుండెలోని మైట్రల్ కవాటం జబ్బు ఈ జాతిలో తొందరగా మొదలై, పదేళ్లు వచ్చేసరికి దాదాపు ప్రతి కుక్కలోనూ కనిపిస్తుంది. కొన్నింటిలో పుర్రె మెదడుకు ఇరుకై, వెన్నుపాములో నీటి తిత్తులు ఏర్పడతాయి. అలాంటి కుక్క నడుస్తూ నడుస్తూ ఆగి, మెడను తాకకుండానే గాలిలో కాలు ఆడిస్తూ గోక్కుంటుంది. ఇప్పుడున్న వంశాలతో ఈ జాతిని పెంచడం తమ జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని నార్వే సుప్రీంకోర్టు 2023లో తీర్పునిచ్చింది. ఈ కుండను తట్టి లాభం లేదు, మట్టి ఎక్కడిదో అడగాలి: తల్లిదండ్రుల గుండె పరీక్ష కాగితాలు, వీలైతే వాటి తల్లిదండ్రులవి కూడా. చూపించకపోతే తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. డాష్‌హండ్ పొడవాటి వెన్నులో డిస్కు జారే ప్రమాదం ఎక్కువ. నిన్నటిదాకా సాధువుగా ఉన్న కుక్క పిల్లవాడు ఎత్తుకోగానే పళ్లు చూపిందంటే, స్వభావం మారిందనుకునే ముందు వెన్ను చూపించాలి. పామరేనియన్‌లో మోకాటి చిప్ప పక్కకు తొలగడం, శ్వాసనాళం కుంగడం చూడాలి. బీగిల్ పిల్లలతో బాగా కలిసిపోతుంది కానీ వాసన పట్టుకుని తిరగాలి, లేకపోతే ఊళపెడుతుంది, ఒళ్లు పెరుగుతుంది. మన ఇళ్లలో పామరేనియన్ అని పిలిచేవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే. మూతి పొడవుగా ఉండి మన ఎండలకు అలవాటుపడిన ఈ కుక్కనే నేను ముందుగా సూచిస్తాను, కాకపోతే లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మొరుగుతుంది, పక్కింటివారితో ముందే మాట్లాడుకోండి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, కుక్కలను పెంచి అమ్మే బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు ఉండాలి. తల్లిని చూపించమని అడిగి, అది కొత్తవారిని చూసి మూలకు నక్కుతుందో, దగ్గరకు వస్తుందో గమనించండి, పిల్ల స్వభావానికి అంతకన్నా మంచి ఆనవాలు ఆ రోజున మీకు దొరకదు.

ఇప్పటికే ఇంట్లో చిన్న కుక్క ఉన్నవారు ఈ రాత్రి అది గాఢంగా నిద్రపోయాక గడియారం పెట్టుకుని, ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతుందో ఒక నిమిషం లెక్కపెట్టండి. నాలుగు రోజులు వరుసగా 30 దాటుతుంటే ఆ అంకెలను కాగితం మీద రాసుకుని పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.