పాతాళ భైరవి నుంచి హనుమాన్ దాకా: మాయ ఎక్కడ పండింది, ఎక్కడ తేలిపోయింది?

వాసు: అందరికీ నమస్కారం. ఈసారి కొత్త రిలీజ్ ఏదీ లేదు. పాత జానపదాలు, కొత్త సోషియో ఫాంటసీలు మళ్లీ వరసపెట్టి చూశాం. వాటిలో మాయ జరిగే సీన్లు మాత్రమే తీసుకుని మాట్లాడుకుందాం. ఆ సీనెలా తీసి ఉంటారు, ఎందుకు నమ్మాం, ఎక్కడ నవ్వొచ్చింది, అంతే.

పద్మ: బాహుబలి ఎందుకు లేదని అడగబోతారు కాబట్టి ముందే చెప్పేస్తా. అది జానపదమే, కాదనను. కానీ అందులో మాంత్రికుడు లేడు, మంత్రం లేదు. కండబలం, కోట, కుట్ర. అందుకే ఇవాళ్టి లెక్కలోకి రాదు.

వాసు: సరే, 1951. పాతాళ భైరవి. విజయా వారి సినిమా, కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి రచన, మార్కస్ బార్‌ట్లే కెమెరా.

పద్మ: ఇందులో ట్రిక్కుల కంటే ముందు చెప్పుకోవాల్సింది రూలు. పాతాళ భైరవి అమ్మవారి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే అమ్మవారు వాళ్ల మాట వింటుంది. మంచివాడా, దుర్మార్గుడా అని చూడదు. హీరో తోట రాముడి కోరిక తీర్చిన చేత్తోనే విలన్ నేపాళ మాంత్రికుడి కోరికా తీరుస్తుంది. అందుకే ప్రతిమ చేతులు మారిన క్షణం నుంచి మనకి గుండె దడ. మేడ పోతుంది, రాకుమారి పోతుంది, ఎందుకు పోయాయో ఎవరూ నిలబడి వివరించరు. అవసరం లేదు, రూలు మనకి ముందే తెలుసు.

వాసు: మాంత్రికుడి గడ్డం సంగతీ అంతే కదా.

పద్మ: అంతే. శక్తంతా గడ్డంలో ఉంది, గడ్డం తీయిస్తే వాడు మామూలు మనిషి. ఒక ప్రతిమ, ఒక గడ్డం, ఇంత చిన్న సరంజామాతో కథ నడిచింది. ఇప్పటి సినిమాల్లో విలన్‌కి ఏ శక్తి ఉందో, అది ఎప్పుడు పని చేస్తుందో, ఎప్పుడు చెయ్యదో ఇంటర్వెల్ దాకా తెలియదు. తెలియనప్పుడు భయం ఎక్కడి నుంచి వస్తుంది?

వాసు: ఇక ట్రిక్కు. మనిషి ఉన్నట్టుండి ప్రత్యక్షమవడం, మాయమవడం, ఆ కాలం జానపదాలన్నిటికీ ఇదే కూడూ గుడ్డా. తీసే పద్ధతి చెప్తా. కెమెరా కదలకుండా స్టాండుకి బరువు కట్టి బిగిస్తారు. సీన్ నడుస్తుండగా 'కట్' అంటారు, అందరూ ఉన్న చోట ఉన్నట్టే బిగుసుకుపోవాలి. ప్రత్యక్షం కావాల్సిన మనిషి వచ్చి గుర్తు గీసిన చోట నిలబడతారు. మళ్లీ కెమెరా రోల్. తర్వాత ఎడిటింగులో మధ్య ముక్క తీసి అతికిస్తే సరి.

పద్మ: వినడానికి తేలిగ్గానే ఉంది.

వాసు: చెడేది మూడు చోట్ల. దండలు, ఉత్తరీయాలు ఊగుతుంటాయి, అతుకు దగ్గర టక్కున గెంతుతాయి. దీపం మంట ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారంలోకి మారిపోతుంది. మూడోది నీడ. కొత్తగా వచ్చిన మనిషి నీడ పక్కవాడి మీద పడితే, పక్కవాడి మొహం ఒక్క ఫ్రేములో నల్లబడుతుంది. అందుకే సరిగ్గా అతుకు దగ్గర భుగ్గున పొగ లేపుతారు. ఆ పొగ మహిమ కోసం అనుకుంటాం, నిజానికి అతుకు కనపడకుండా ఉండటానికి.

పద్మ: ఈసారి చూసేటప్పుడు మధ్యలో వచ్చే మనిషిని చూడకండి, వెనక నిలబడ్డ భటుల్ని చూడండి. ఎవరో ఒకరి ఈటె ఒక అంగుళం పక్కకి జరిగి ఉంటుంది.

వాసు: ఇక మాస్క్ షాట్. 1961లో వచ్చిన జగదేకవీరుని కథ, మళ్లీ కె.వి.రెడ్డే. 'శివశంకరీ' పాటలో అయిదుగురు రామారావులు. ఒకరు పాడుతుంటే మిగతా వాళ్లు వాద్యాలు వాయిస్తుంటారు. పెండ్యాల సంగీతం, ఘంటసాల గొంతు. ఇలాంటి షాట్ కెమెరాలోనే తియ్యాలంటే ఏం చెయ్యాలో చూడండి. లెన్సు ముందు నల్ల అట్ట పెట్టి, ఫ్రేములో ఒక్క భాగం మాత్రమే తెరిచి ఉంచుతారు. అక్కడ నటుడు కూర్చుంటాడు, షాట్ తీస్తారు. ఫిలిమ్‌ని ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ సరిగ్గా మొదటికి వెనక్కి తిప్పుతారు. ఈసారి ఆ భాగం మూసి, పక్క భాగం తెరుస్తారు. నటుడు పంచె మార్చుకుని, మీసం మార్చుకుని పక్క చోట కూర్చుంటాడు. అయిదుగురు కావాలంటే ఒకే నెగెటివ్ మీద అయిదు సార్లు.

పద్మ: అయిదోసారి పొరపాటు జరిగితే?

వాసు: ముందు తీసిన నాలుగూ బుట్టదాఖలు. ఇంకో తిరకాసు కూడా ఉంది. అన్నిటికీ పాట ఒకే ఫ్రేము దగ్గర మొదలవ్వాలి. నాలుగు ఫ్రేములు అటూ ఇటూ అయిందంటే సెకనులో ఆరో వంతు తేడా. మామూలు సీన్లో అది ఎవరికీ తెలియదు, మృదంగం మీద చెయ్యి పడే చోట మాత్రం పట్టేస్తారు. ఒక్కో అట్టకీ వెలుతురు కొంచెం తేడా వస్తే మనుషుల మధ్య నిలువు గీత కనిపిస్తుంది. ఆ గీత వచ్చే చోట స్తంభమో, పరదానో పెట్టుకుంటారు. చెయ్యి చాపి పక్కవాడి వైపు వెళ్లిందా, గీత దగ్గర చెయ్యి తెగిపోతుంది. అందుకే మాస్క్ షాట్లో ద్విపాత్రాభినయం చేసేవాళ్లు ఎప్పుడూ ఒకరికొకరు ఒద్దికగా, దూరంగా కూర్చుంటారు.

పద్మ: ఇప్పుడు అసలు సినిమాకి వద్దాం. 1957, మాయాబజార్. దీంట్లో నాకు అన్నిటికంటే గొప్ప ట్రిక్కు అనిపించిన దానిలో ట్రిక్కే లేదు.

వాసు: సావిత్రి.

పద్మ: సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నాడు. తెర మీద కనిపించేది శశిరేఖే, కెమెరా ఏ గారడీ చెయ్యట్లేదు. కానీ ఆ నడకలో, ఆ చేతులు విసరడంలో, భుజాలు ఎగరేయడంలో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు ఉన్నాడు. ఎవరైనా వస్తే క్షణంలో సిగ్గుపడే పెళ్లికూతురు అయిపోతుంది. ఎవరూ లేకపోతే మళ్లీ రాక్షసుడు. 'అహ నా పెళ్లంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది, అప్పుడు సావిత్రి మెడ తిరిగే తీరు చూడండి. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలు తొక్కే సీన్లో మొహం నెమ్మదిగా, కాలు బండగా. ఒకే ఫ్రేములో ఇద్దరు మనుషులు, మాస్కు లేదు, అట్ట లేదు.

వాసు: 'వివాహ భోజనంబు'లో కూడా ఇదే చూడాలి. వస్తువులు వాటంతటవే కదిలే షాట్లకి అప్పుడున్న దారుల్లో రెండు చెప్తా. సన్న తీగ కట్టి లాగడం, లేదా షాట్‌ని వెనక్కి తియ్యడం. వెనక్కి అంటే, నోటి దగ్గర నుంచి పళ్లెంలోకి పడేసి, ఫిలిం తిరగేస్తే పళ్లెంలోంచి నోట్లోకి వస్తుంది. తీగతో ఇబ్బంది మెరుపు. లైటు పడితే దొరికిపోతుంది, కాబట్టి వెనక గోడ ముదురు రంగులో ఉండాలి, తీగకి మసి పూయాలి. వెనక్కి తీసిన షాట్లో ఇబ్బంది పొగ, గుడ్డ. పొగ కిందకి దిగుతుంది, పంచె అంచు తప్పుదారిలో కదులుతుంది.

పద్మ: ఈ రెంటికంటే ముందు రంగారావు కళ్లు. గిన్నె కదలక ముందే ఆయన కళ్లు దాని మీదకి వెళ్తాయి. ఆ ఆకలి చూసి మనం ఆయన మొహం వదలం, ఇక తీగ ఎవడు వెతుకుతాడు?

వాసు: రూలు విషయంలోనూ ఈ సినిమా ముందే ఉంది. సత్యపీఠం. ఎక్కినవాడు మనసులో మాట కక్కేస్తాడు. దాన్ని మొదట్లో సరదాగా చూపించి వదిలేస్తారు. ఆఖర్లో శకుని దాని మీద నిలబడ్డాక గుట్టంతా బయటపడుతుంది. మొదట్లో చూపించకుండా ఆఖర్లో తెచ్చి ఉంటే? 'ఇదెక్కడి నుంచి వచ్చిందిరా' అనేవాళ్లం.

పద్మ: జానపదాల దర్శకుడు విఠలాచార్యగారి దగ్గర ఆ పట్టింపు తక్కువ. ఆయన్ని ఇష్టపడటానికి కారణం వేరు. 1978లో జగన్మోహిని, జయమాలిని దెయ్యం. కట్టెలు లేకపోతే కాలు పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. తక్కువ ఖర్చులో చూసినవాడు పాతికేళ్లు మర్చిపోని సీన్ అది. కానీ సినిమా మొత్తంగా చూస్తే, ఒక మాయకి విరుగుడు ఇంకో మాయ, దానికి ఇంకోటి. ఇంకో గంట పెంచినా, తగ్గించినా కథకి తేడా రాదు.

వాసు: తొంభైల్లోకి వస్తే, జగదేకవీరుడు అతిలోకసుందరి, 1990. ఉంగరం లేకపోతే దేవకన్య ఇంద్రజ పైకి, స్వర్గానికి, వెళ్లలేదు. ఒక్క వాక్యం రూలు, సినిమా మొత్తం దాని మీదే. దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు, అందరికీ కంఠతా వచ్చిన సినిమా.

పద్మ: భైరవద్వీపం మీద మాత్రం ఆగుదాం. 1994, సింగీతం శ్రీనివాసరావు. ఈయన మాయాబజార్‌కి కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంటు. గురువు దగ్గర నేర్చుకున్నది ఇక్కడ కనిపిస్తుంది. రాకుమారి నిద్రపోతుంటే మంచంతో సహా గాల్లో తేలి మాంత్రికుడి గుహకి వెళ్తుంది. భయపెట్టేది ఎగరడం కాదు, ఆ పిల్ల నిద్రలోనే ఉండటం. హీరోని కురూపిని చేసి అంతసేపు అలాగే ఉంచడం కూడా తెగింపే. స్టార్ మొహం దాచి పెట్టి సినిమా నడిపారు.

వాసు: కలర్లోకి వచ్చాక ట్రిక్కులు కష్టమయ్యాయి. బ్లాక్ అండ్ వైట్‌లో అంచులు చీకట్లో కలిసిపోతాయి. కలర్లో నీలం తెర ముందు తీసి వేరే బొమ్మ మీద అతికిస్తే జుట్టు చుట్టూ సన్నగా నీలం గీత మిగులుతుంది. ఇప్పుడు ఆకుపచ్చ తెరకీ అదే జబ్బు. నటుడికీ తెరకీ మధ్య కనీసం పదడుగులు లేకపోతే పచ్చరంగు చెంపల మీదకి, తెల్ల బట్టల మీదకి పాకుతుంది. దాన్ని కంప్యూటర్లో తుడిస్తే చర్మం బూడిదరంగులోకి పోతుంది. ఈమధ్య పౌరాణికాల్లో దేవుళ్లు జ్వరం వచ్చినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

పద్మ: అమ్మోరు, 1995, కోడి రామకృష్ణ. గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే పాతబడ్డాయి, ఒప్పుకుంటా. అయినా సినిమా పాతబడలేదు. అమ్మోరు చిన్నపిల్ల రూపంలో పనిపిల్లగా ఇంట్లోకి వచ్చాక గ్రాఫిక్స్‌తో పని లేదు, ఆ పిల్ల చూపు చాలు. అదే దర్శకుడి అంజికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది, కానీ నిర్మాణం ఏళ్ల తరబడి సాగి 2004లో విడుదలైంది. గ్రాఫిక్స్‌లో ఆలస్యం అంటే పాలు బయట పెట్టి మర్చిపోవడమే.

వాసు: ఈగ, 2012. కొత్తవాటిలో నా ఓటు దీనికే. ఈగ మాట్లాడదు, పాడదు. రెక్కలు, కాళ్లు, తల, వీటితోనే చెప్పాలి. విలన్ వేషం వేసిన సుదీప్ ఎదురుగా ఏమీ లేదు. ఇలాంటి షాట్లకి కర్ర చివర చిన్న గుర్తు కట్టి తిప్పుతారు, నటుడు దాన్ని చూస్తాడు. తప్పు జరిగేది ఇక్కడే. దగ్గర్లో ఉన్న చిన్న వస్తువుని చూస్తే కనుగుడ్లు లోపలికి కొంచెం దగ్గరవుతాయి. గోడవైపు చూస్తూ ఈగని చూస్తున్నట్టు నటిస్తే కళ్లు సమాంతరంగా ఉండిపోతాయి, ఎంత మంచి గ్రాఫిక్స్ వేసినా అతకవు. సుదీప్ ముక్కు మీద ఈగ వాలే షాట్లు ఆపి చూడండి.

పద్మ: కథలో కూడా దాని కొలత మారదు. ఈగకి ఈగ బలమే. అందుకే సూది కావాలి, హీరోయిన్ బిందు చేసిచ్చే కవచం కావాలి. ఆమె సూక్ష్మకళ చేసే అమ్మాయి అని మొదట్లోనే చెప్పి పెట్టారు.

వాసు: హనుమాన్, 2024, ప్రశాంత్ వర్మ. మణి మీద ఎండ పడితేనే శక్తి. చీకటి పడితే కుర్రాడు మామూలే. ఈ ఒక్క రూలు వల్ల సూర్యాస్తమయం అయ్యే ప్రతి సీన్‌కీ బిగువు వచ్చింది. గ్రాఫిక్స్ అన్నీ సమానంగా లేవు. నీళ్ల షాట్లు, మనుషులు ఎగిరిపడే షాట్లు బరువు లేకుండా ఉన్నాయి. బరువు ఎందుకు లేదంటే, పడినవాడి కింద దుమ్ము ఆలస్యంగా లేస్తుంది, నేల కుంగదు. కానీ రూలు గట్టిగా ఉంది కాబట్టి జనం క్షమించారు.

పద్మ: క్లైమాక్స్‌లో రూలు సడలించారు.

వాసు: దేవుడు దిగొచ్చాడు కదా.

పద్మ: అదే నా ఫిర్యాదు. దేవుడు దిగొస్తే విలన్‌తో పోటీ ఏముంటుంది? శకుని సత్యపీఠం ఎక్కినప్పుడు కృష్ణుడు చెయ్యి కూడా కదపలేదు.

వాసు: దీని మీద మనిద్దరికీ కుదరదు, వదిలెయ్. ఆఖరిగా, మాయాబజార్ ఏ ప్రింటు చూడాలో చెప్పు. 2010లో రంగులద్దింది కూడా ఉందిగా.

పద్మ: పిల్లలతో కూర్చుంటే రంగులది పెట్టండి, విందు సీన్‌కి, నగలకి కళ వచ్చింది. 'లాహిరి లాహిరి' పాట దగ్గర మాత్రం బ్లాక్ అండ్ వైట్‌కి మారండి. అక్కడ వెన్నెల అంటే నల్లని నీళ్ల మీద తెల్లని తళుకు, అంతే. రంగు వేసేసరికి నలుపు నీలమైంది, తళుకు పల్చబడింది. ఫోన్లో అయితే బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, గదిలో లైటు తీసెయ్యండి.