సిడ్నీ పోయిటియర్ నటజీవితం: ఆ చెంపదెబ్బకు ముందూ తర్వాతా

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో నేను ఒక్క సినిమాను కాకుండా ఒక నటుడి మొత్తం కృషిని సమీక్షించబోతున్నాను. ఆయన సిడ్నీ పోయిటియర్. ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతీయుడు అనే ఒక్క వాక్యంతో ఆయనను పరిచయం చేసి ముందుకు సాగిపోవడం చాలామందికి అలవాటైపోయింది. ఆ వాక్యం నిజమే గానీ, ఆయన తెర మీద ఏం చేసి చూపించారో అది చెప్పదు. కోపాన్ని పూర్తిగా అనుభవిస్తూనే దాన్ని అదుపులో ఉంచుకోవడం, ఎప్పుడు ఎంత మేరకు బయటపెట్టాలో తానే నిర్ణయించుకోవడం ఆయన నటనకు ప్రాణమని నా అభిప్రాయం. ఆ నిగ్రహాన్ని మెచ్చుకున్నవారు దాన్ని మంచితనం అనుకున్నారు, తప్పుపట్టినవారు లొంగుబాటు అనుకున్నారు. ఇరుపక్షాల వారూ ఆయనలో సగమే చూశారని నాకు అనిపిస్తుంది.

ముందుగా 1967లో వచ్చిన ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’లోని ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం. మిసిసిపీ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరిలో హత్య జరుగుతుంది. ఫిలడెల్ఫియాకు చెందిన పోలీసు డిటెక్టివ్ వర్జిల్ టిబ్స్‌గా పోయిటియర్, ఆ ఊరి పోలీసు అధికారి గిలెస్పీగా రాడ్ స్టైగర్ నటించారు. దర్యాప్తులో భాగంగా ఇద్దరూ పత్తి తోటల యజమాని ఎండికాట్ ఇంటికి వెళ్తారు. ఎండికాట్ తన అద్దాల గదిలో ఆర్కిడ్ మొక్కలు పెంచుతుంటాడు. ఈ మొక్కలను కూడా నీగ్రోల లాగే ఓపిగ్గా కనిపెట్టుకుని పెంచాలని, ఎంతో మర్యాదగా అంటాడు. టిబ్స్ ముఖంలో కండరం కూడా కదలదు, అడగవలసిన ప్రశ్నలు అడుగుతూనే ఉంటాడు. హత్య విషయంలో తనను అనుమానిస్తున్నారని తెలిసిన మరుక్షణం ఎండికాట్ చెయ్యెత్తి టిబ్స్ చెంప మీద కొడతాడు. ఆ దెబ్బ చప్పుడు ఆగీ ఆగకముందే టిబ్స్ తిరిగి కొడతాడు.

ఆలోచించుకునే వ్యవధి లేకుండా వచ్చిన దెబ్బ అది. కొట్టిన తర్వాత పోయిటియర్ చెయ్యి కిందికి దిగుతుంది గానీ చూపు దిగదు. ఎండికాట్ గిలెస్పీ వైపు తిరిగి, ఇప్పుడు నువ్వేం చేస్తావని అడుగుతాడు. తనకు తెలియదని గిలెస్పీ అంటాడు. ఒకప్పుడైతే నిన్ను కాల్పించి ఉండేవాడినని టిబ్స్‌తో అన్న ఆ యజమాని, వాళ్లు వెళ్లిపోయాక ఏడుస్తాడు. ఇదంతా చూస్తూ నిమ్మరసం పళ్లెంతో నిలబడిన నల్లజాతి పనివాడు ఒకడున్నాడు. ఆ పాత్రలో నటించిన జెస్టర్ హెయిర్‌స్టన్ స్వయంగా సంగీతకారుడు. అంతకు నాలుగేళ్ల ముందు పోయిటియర్‌కు ఆస్కార్ తెచ్చిన సినిమాలో ఆయన పాడినట్టు కనిపించే ‘ఆమెన్’ పాటకు గొంతు ఇచ్చింది ఈయనే. ఈ సంగతి తెలిసి చూస్తే, ఆ గదిలో కొట్టినవాడికీ పళ్లెం పట్టుకున్నవాడికీ మధ్య ఉన్న బంధం నన్ను ఎంతో కదిలించింది.

మన సినిమాల్లో కథానాయకుడు దొరను కొట్టడం, థియేటర్లో ఈలలు మోగడం మనకు కొత్త కాదు. 1967 నాటి అమెరికాలో మాత్రం హాలీవుడ్ సినిమాలో నల్లజాతీయుడు తెల్ల భూస్వామిని తిరిగి కొట్టడం, కొట్టినందుకు కథలో ఏ శిక్షా పడకపోవడం ప్రేక్షకులు ఎరుగని సంగతి. ఈ ఎదురుదెబ్బ ఉండాలని తానే పట్టుబట్టానని పోయిటియర్ చెప్పారు; దర్శకుడు నార్మన్ జ్యూయిసన్, రచయిత స్టర్లింగ్ సిలిఫాంట్ కథనాలు అందుకు భిన్నంగా ఉన్నాయి. ఆలోచన ఎవరిదైనా, తెర మీద దానికి బరువునిచ్చింది అంతకుముందు గంటసేపు ఆయన పాటించిన నిగ్రహమే. కథ దక్షిణాదిలో జరిగినా, అక్కడ షూటింగ్‌కు పోయిటియర్ ఒప్పుకోకపోవడంతో సినిమాలో ఎక్కువ భాగాన్ని ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్పార్టా అనే ఊరిలో తీశారు. ఆయన భయానికి కారణం ఉంది. 1964 వేసవిలో, మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలు హత్యకు గురైన తర్వాత, మిత్రుడు హ్యారీ బెలఫాంటేతో కలిసి ఉద్యమానికి 70,000 డాలర్ల నగదు అందించడానికి ఆయన ఆ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌కు వెళ్లారు. విమానాశ్రయం నుంచి వస్తుండగా కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా మనుషుల వాహనాలు వాళ్ల కారును వెంబడించాయి. తెరపై మిసిసిపీలో తలవంచని మనిషి, బయట అదే నేలమీద ప్రాణభయాన్ని చవిచూసి వచ్చారు.

ఆ తల వంచని తనం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? సమాధానం ఆయన బాల్యంలో ఉంది. తల్లిదండ్రులు బహామా దీవుల్లోని క్యాట్ ఐలండ్‌లో టమాటాలు పండించే రైతులు. పంట అమ్ముకోవడానికి వారు మయామీ వచ్చినప్పుడు, 1927 ఫిబ్రవరి 20న ఆయన నెలలు నిండకుండానే పుట్టారు. బిడ్డ బతుకుతాడన్న ఆశ ఎవరికీ లేకపోయింది. అమెరికాలో పుట్టడం వల్ల ఆ దేశ పౌరసత్వం లభించినా, ఆయన పెరిగింది విద్యుత్తు కూడా లేని ఆ దీవిలో. అక్కడ చుట్టూ ఉన్నవారిలో దాదాపు అందరూ నల్లజాతివారే కాబట్టి, రంగును బట్టి తనను తాను తక్కువగా చూసుకోవలసిన అవసరం ఆ పిల్లవాడికి కలగలేదు. పదిహేనేళ్ల వయసులో మయామీకి వచ్చాకే జాత్యహంకారం ముఖాముఖి ఎదురైంది. తన వ్యక్తిత్వం అప్పటికే రూపుదిద్దుకుందని ఆయన తర్వాతి రోజుల్లో పదేపదే చెప్పుకున్నారు.

న్యూయార్క్‌లో ఆయన హోటళ్లలో గిన్నెలు కడిగారు. ఆ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లోని అమెరికన్ నీగ్రో థియేటర్ అనే నాటక సంస్థలో ఆడిషన్‌కు వెళ్తే, సరిగా చదవడం రాక తడబడుతున్న కుర్రవాణ్ణి ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫ్రెడరిక్ ఓనీల్ మధ్యలోనే ఆపి, వెళ్లి గిన్నెలు కడిగే పని చూసుకోమని బయటికి పంపేశారు. ఆ కుర్రవాడు చేస్తున్న పని అదేనని ఓనీల్‌కు తెలియదు. ఆ మాట తగిలిన చోటే పోయిటియర్‌లో పట్టుదల పుట్టింది. రేడియో కొనుక్కుని, అనౌన్సర్ల ఉచ్చారణను వాక్యం వెంట వాక్యం అనుకరిస్తూ తన కరీబియన్ యాసను మార్చుకున్నారు. తాను పనిచేసే హోటల్లో ఒక వృద్ధ యూదు వెయిటర్, రాత్రి పని ముగిశాక, వార్తాపత్రిక ముందు పెట్టి ఆయనకు చదవడం నేర్పారు. కామా దగ్గర ఎందుకు ఆగాలో, మాటలో అక్షరాలను ఎలా విడదీసి పలకాలో ఆ పెద్దమనిషి ఓపిగ్గా చెప్పేవారట. పోయిటియర్ సంభాషణలు పలికే తీరులో ప్రతి పదానికీ దక్కే స్పష్టత, వాక్యం మధ్యలో ఆయన తీసుకునే విరామాలు వింటున్నప్పుడల్లా నాకు ఆ హోటల్ బల్ల గుర్తొస్తుంది. చివరికి అదే థియేటర్‌లో ఊడ్చే పని చేస్తానని, బదులుగా పాఠాలు చెప్పమని ఒప్పించుకుని ఆయన లోపలికి ప్రవేశించారు.

1950లో ‘నో వే అవుట్’లో యువ వైద్యుడి పాత్రతో హాలీవుడ్‌లో అడుగుపెట్టినా అవకాశాలు వెంటనే వెల్లువెత్తలేదు. ఆ కష్టకాలంలోనే ఒక సినిమాలో ఆయనకు మంచి పారితోషికంతో ఒక పాత్ర వచ్చింది. హంతకులు తన కూతుర్ని చంపినా ఎదురుతిరగని తండ్రి పాత్ర అది. భార్య నిండు గర్భిణి, చేతిలో డబ్బు లేదు. అయినా, ఏ తండ్రీ అలా ఊరుకోడని చెప్పి ఆయన ఆ పాత్రను తిరస్కరించారు. ఇంటి సామాను కుదువపెట్టి, 75 డాలర్లు అప్పు తెచ్చి ఆసుపత్రి ఖర్చు చెల్లించారు. ఆ తిరస్కారం విలువ గ్రహించిన ఏజెంట్ మార్టిన్ బామ్ ఆ తర్వాత ఆయన వ్యవహారాలు చూడటానికి ముందుకొచ్చారు. పాత్రల ఎంపికలో పోయిటియర్ తనకు తాను గీసుకున్న గీత ఇక్కడ మొదలైందని నేను భావిస్తున్నాను.

1958 నాటి ‘ద డిఫయంట్ వన్స్’ ఆయనకు తొలి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. ఒకే సంకెలతో కట్టబడిన ఇద్దరు ఖైదీల్లో తెల్లవాడు టోనీ కర్టిస్. చివర్లో పోయిటియర్ పాత్ర రైలెక్కి తప్పించుకోగలిగి కూడా, ఎక్కలేకపోయిన తెల్లవాడి కోసం కిందికి దూకేస్తుంది. తెల్ల ప్రేక్షకులకు ఈ త్యాగం నచ్చింది. హార్లెమ్‌లో మాత్రం జనం మళ్లీ రైలెక్కమని తెర వైపు చూసి అరిచారని రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాశారు. ఆ జనం పక్షమే నాదీ. పోయిటియర్ నటన గొప్పదే అయినా ఆ ముగింపు ఎవరి సంతృప్తి కోసం రాశారో స్పష్టంగా తెలిసిపోతుంది.

ఆయన అత్యుత్తమ నటన ఏదని అడిగితే, ఆస్కార్ వచ్చిన సినిమాను పక్కనపెట్టి, 1961లో వచ్చిన ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’ పేరు చెబుతాను. లొరెయిన్ హాన్స్‌బెరీ రాసిన ఈ నాటకం 1959లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ప్రదర్శితమైనప్పుడు కూడా వాల్టర్ లీ పాత్ర పోయిటియర్‌దే. షికాగోలో ఇరుకు వాటాలో బతికే కుటుంబానికి తండ్రి బీమా డబ్బు 10,000 డాలర్లు వస్తుంది. కారు డ్రైవర్ వాల్టర్ వ్యాపారపు ఆశతో అందులో పెద్ద మొత్తాన్ని నమ్మినవాడి చేతికిచ్చి మోసపోతాడు. తెల్లవాళ్ల కాలనీలో తల్లి కొన్న ఇంటికి వీళ్లు రాకుండా ఉంటే డబ్బిస్తామని లిండ్‌నర్ అనే మనిషి వస్తాడు. ఆ డబ్బు కోసం ఎలా మోకరిల్లాలో, ఎలా దేబిరించాలో వాల్టర్ ఇంట్లోవాళ్ల ముందే నటించి చూపుతాడు. అప్పుడు పోయిటియర్ శరీరం వంకరలు పోతుంది, గొంతు మారిపోతుంది, చూడటమే కష్టంగా ఉంటుంది. తర్వాత లిండ్‌నర్ వచ్చినప్పుడు, కొడుకును తన ముందు నిలబెట్టుకుని, తడబడుతూ, మాటలు వెతుక్కుంటూ, ఆ ఇల్లు తన తండ్రి ఇటుక ఇటుకగా సంపాదించిందని, తాము అక్కడికి వెళ్తున్నామని చెబుతాడు. తప్పులు చేసే, అసూయపడే, భార్య మీద అరిచే మనిషిని ఆడే స్వేచ్ఛ ఆయనకు ఇక్కడ దొరికింది. హాలీవుడ్ అలాంటి అవకాశాన్ని ఆయనకు మళ్లీ మళ్లీ ఇవ్వలేదు.

ఆస్కార్ తెచ్చిన ‘లిలీస్ ఆఫ్ ద ఫీల్డ్’ 1963లో తక్కువ ఖర్చుతో తీసిన చిన్న సినిమా. అరిజోనా ఎడారిలో, సన్యాసినుల కోసం ప్రార్థనా మందిరం కట్టే పనివాడి కథ. అందులో పోయిటియర్ హాయిగా, సరదాగా ఉంటారు. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నాకు ఎక్కువ లేదు. అవార్డు అందుకున్నది 1964 ఏప్రిల్‌లో. ఉత్తమ నటుడిగా మరో నల్లజాతి నటుడు డెంజెల్ వాషింగ్టన్ ఆ వేదిక ఎక్కడానికి 2002 దాకా పట్టింది. అదే రాత్రి పోయిటియర్‌కు గౌరవ ఆస్కార్ ప్రదానం చేశారు.

1967లో ‘టు సర్, విత్ లవ్’, ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’, ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ ఒకే ఏడాది వచ్చి ఆయనను అమెరికాలో అగ్రతారను చేశాయి. సరిగ్గా అప్పుడే విమర్శ కూడా పదునెక్కింది. తెల్ల అమెరికా సిడ్నీ పోయిటియర్‌ను ఎందుకింతగా ప్రేమిస్తోందని నాటక రచయిత క్లిఫర్డ్ మేసన్ న్యూయార్క్ టైమ్స్‌లో నిలదీశారు. మూడో సినిమా చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకోవాలి. తెల్ల యువతిని పెళ్లాడబోయే ఆ డాక్టర్ ప్రపంచ ప్రసిద్ధుడు, కాబోయే మామగారి ఇంటి నుంచి దూరప్రాంతానికి ఫోన్ చేసినా ఆ డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లే సచ్ఛీలుడు. ఆత్మగౌరవం దక్కాలంటే నల్లజాతీయుడు ఇంత నిర్దోషిగా ఉండాలా అన్న బాధ ఆ విమర్శలో ఉంది. అదే సమయంలో, ఆ సినిమా చిత్రీకరణ నాటికి అలాంటి వివాహం పలు రాష్ట్రాల్లో నేరమేనన్నది మరువకూడదు. సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేసింది 1967 జూన్‌లో, సినిమా వచ్చింది డిసెంబరులో. విమర్శకులు తప్పుపట్టవలసింది ఒకే ఒక్క నల్ల కథానాయకుడికి చోటిచ్చి, ఒక జాతి మొత్తం భారాన్ని ఆయన భుజాల మీద మోపిన పరిశ్రమను.

ఆ మాటలు ఆయనను గాయపరిచాయి. 1970ల్లో ఆయన దర్శకత్వం వైపు మళ్లి, ‘బక్ అండ్ ద ప్రీచర్’, ‘అప్‌టౌన్ సాటర్‌డే నైట్’ వంటి సినిమాల్లో నల్లజాతి నటులకు హాస్యం, సాహసం పంచిపెట్టారు. 1980లో ఆయన తీసిన ‘స్టిర్ క్రేజీ’ అమెరికాలో 100 మిలియన్ డాలర్లకు పైగా వసూలు చేసింది. దర్శకుడిగా ఆయనది నటుడిగా ఉన్నంత స్థాయి కాదు. తర్వాతి కాలంలో జపాన్‌లో బహామా రాయబారిగా పనిచేశారు. 2022 జనవరి 6న, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన సినిమాలు ఇప్పటివరకూ చూడనివారు ‘ఎ రైజిన్ ఇన్ ద సన్’తో మొదలుపెట్టండి. వెంటనే ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ చూడండి. వాల్టర్ లీ గొంతులోని ఆవేశం టిబ్స్ మౌనంలో ఎక్కడ దాగిందో మీకే పట్టుబడుతుంది. ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ను మాత్రం ఈ రెండిటి తర్వాతే చూడమని నా సలహా. ముందుగా దాన్ని చూసినవారు ఆయనను మంచి సూటు వేసుకున్న మర్యాదస్తుడిగానే గుర్తుంచుకునే ప్రమాదం ఉంది.